2011 మోర్గాన్ తెరిచాను, అగ్గిపుల్ల వాసన వస్తోంది. ఆగాలా, పారబోయాలా?

సోన్_ఒడ్డున | సాయంత్రం 7:10

అందరికీ నమస్కారం. మాది తణుకు, ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంటున్నాం. పావుగంట కింద ఒక మోర్గాన్ సీసా తెరిచాను, ఇక్కడి బోజొలే ప్రాంతపు ఎర్ర వైన్. 2011 పంట, గమే ద్రాక్ష, చెడిపోకుండా వేసే గంధకం బొత్తిగా కలపని వైన్. 2013లో నా మొదటి ఉద్యోగం జీతంతో ఈ వైన్ పుట్టిన ఊరు విలియే-మోర్గాన్ వెళ్ళి, తయారుచేసినవాళ్ళ ఇంటి దగ్గరే రెండు సీసాలు కొన్నాను. ఒకటి ఆ వారమే తాగేశాం. నేరేడు పళ్ళు తిన్నాక నాలుక ఎలా ఉంటుందో అలా ఉండింది, ఆ రుచి నాకింకా గుర్తుంది. రెండోదాన్ని మా బిల్డింగ్ నేలమాళిగలో పడుకోబెట్టి ఉంచాను. ఇల్లు మారినప్పుడు కూడా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఇవాళ మా పెళ్ళిరోజు. మావారు తొమ్మిదికి వస్తారు. ముందే తెరిచి ఉంచుదామనుకున్నాను.

రంగు బాగుంది. నడుమ దానిమ్మ గింజలా ఎర్రగా, అంచున ఇటుక రంగులోకి తిరిగింది. కానీ వాసన చూస్తే అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల, దాని వెనక ఉడికించిన గుడ్డు. నోట్లో పోసుకుంటే నాలుక మీద సన్నగా సోడాలా చురుక్కుమంటోంది. పులుపు ఉంది, వగరు ఉంది, పండు మాత్రం ఎక్కడా లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. పాడైపోయిందా? జగ్గులో పోసి గాలి తగలనిస్తే బాగుపడుతుందా? ఇన్నేళ్ళ వైన్ కదా, గాలికి ఉన్నది కూడా పోతుందేమోనని భయం.

బిరడా | 7:31

పారబోయకండి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఈ రకం వైన్‌లో సాధారణంగా కనిపించేవే.

అగ్గిపుల్ల, గుడ్డు వాసన గంధకపు సమ్మేళనాలది. కలపకపోతే గంధకం ఎక్కడిదని అడగొచ్చు. పులియబెట్టే ఈస్టే కొంత తయారుచేస్తుంది. ఇలాంటి వైన్ చేసేవాళ్ళు గాలికి చెడిపోకుండా, గాలి సోకనీయకుండానే పీపా నుంచి సీసాకి ఎక్కిస్తారు. ఆ మూసుకుపోయిన వాసనే ఏళ్ళ తరబడి లోపల ఉండిపోతుంది. నాలుక మీద చురుకు బొగ్గుపులుసు వాయువుది. అది కూడా కాపలాకని కావాలనే కొంచెం వదిలేస్తారు. ఆ వాయువు ఉన్నంతసేపూ వగరు ఎక్కువగా, పండు తక్కువగా అనిపిస్తుంది. అందుకే మీకు పండు దొరకలేదని నా నమ్మకం.

మోర్గాన్‌లో ఈ పద్ధతికి మూలపురుషుడు జూల్స్ షోవే (1907–1989). రసాయన శాస్త్రం తెలిసిన వైన్ వ్యాపారి. ఆయన దగ్గర నేర్చుకుని 1980ల మొదట్లో మార్సెల్ లాపియేర్ తన తోటలో మొదలుపెట్టారు. తర్వాత జాఁ ఫోయార్, జాఁ-పాల్ తెవెనే, గీ బ్రెటోన్ అదే దారి పట్టారు. వైన్‌ని గాలి నుంచి కాపాడే గంధకాన్ని పక్కన పెట్టారు కాబట్టి పండు శుభ్రంగా ఉండాలి, చల్లగా ఉంచాలి, ఓపిక కావాలి. ఆ ఓపికలో చివరి భాగం ఇప్పుడు మీ వంతు.

నేనైతే సగం జగ్గులోకి వంచుతాను, సగం సీసాలోనే ఉంచుతాను. మీ భయం సరైనదే, పాత వైన్ పరిమళం పల్చన. అందుకే మొత్తం ఒకేసారి గాలికి వదలొద్దు. జగ్గులో సగాన్ని కొంచెం ఎత్తు నుంచి ధారగా పోసి, బాగా తిప్పండి, వాయువు పోతుంది. అడుగున మడ్డి ఉంటే అది రాకుండా చూసుకోండి. ఇంట్లో శుభ్రంగా తోమిన రాగి స్పూన్ ఉంటే ఒక గ్లాసులో అర నిమిషం తిప్పి వాసన చూడండి. గుడ్డు వాసన తగ్గితే గంధకమేనని తేలినట్టు. రాగి పాత్రలో మాత్రం పోసి ఉంచకండి, పులుసు రాగిలో పెట్టకూడదని మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే.

వెచ్చబడనీయకండి. 15 డిగ్రీలు చాలు.

వరి_ల్యాబ్ | 7:48

బిరడా గారి మాటతో ఏకీభవిస్తాను. కానీ గాలితో పోని దోషం ఒకటుంది, అది కూడా చూసుకోండి. గంధకం లేని వైన్లలో ఎలుక కంపు అనే దోషం వస్తుంది. అది గ్లాసులో ముక్కుకి తెలియదు. వైన్ పులుపులో ఆ పదార్థాలు ఆవిరి కావు. నోట్లో లాలాజలంతో కలిసి పులుపు తగ్గాక, మింగిన పది పదిహేను క్షణాలకి గొంతు వెనక నుంచి పైకి వస్తుంది. చేతి వెనక రెండు చుక్కలు రుద్ది వాసన చూస్తే ముందే తెలిసిపోతుంది.

నేను బియ్యం మీద పనిచేస్తాను కాబట్టి ఇది నాకు ప్రత్యేకంగా ఆసక్తి. ఆ దోషానికి కారణమైన మూడు నాలుగు పదార్థాల్లో ఒకటి, బాస్మతి అన్నానికి కమ్మటి వాసన ఇచ్చేదీ ఒకటే. అన్నంలో అది వరం, వైన్‌లో శాపం. గాలి తగిలేకొద్దీ పెరుగుతుంది కూడా. ఇది లేదని తేలాకే జగ్గు పని పెట్టుకోండి.

సోన్_ఒడ్డున | 8:05

చేతి మీద రుద్ది చూశాను. ద్రాక్ష పులుపు, తోలు వాసన, అంతే. మింగి నిమిషం ఆగాను, వెనక నుంచి ఏమీ రాలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ.

రాగి స్పూన్ లేదు కానీ పూజ సామానులో ఉద్ధరిణె ఉంది. దాన్ని వైన్‌లో పెట్టడానికి మనసొప్పలేదు. సగం జగ్గులో పోశాను. పోస్తుంటే బుడగలు నిజంగానే కనిపించాయి.

సోన్_ఒడ్డున | 8:50

జగ్గులోది: గుడ్డు పోయింది. అగ్గిపుల్ల ఇంకా పలచగా ఉంది, కానీ ఇప్పుడది పొగలా అనిపిస్తోంది, బాధించట్లేదు. చురుకు తగ్గింది. దాని కింద నుంచి ఏదో ఎర్రటి పండు వస్తోంది. చెర్రీ అనాలేమో, నాకైతే ఎండిన రేగుపళ్ళు గుర్తొచ్చాయి, మా అమ్మమ్మ వడియాల కోసం దంచేటప్పుడు రోట్లోంచి వచ్చే వాసన.

సీసాలోది: ఇంకా మూసుకునే ఉంది. రెండూ ఒకే వైన్ అంటే నమ్మకం కలగదు.

డెక్కన్_గ్లాసు | 9:02

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఇలాంటి సీసా ఒకటి అన్నయ్య తెచ్చిచ్చాడు, హైదరాబాద్‌లో మా ఇంట్లో అల్మరాలో ఉంది. పదేళ్ళు దాచొచ్చా?

బిరడా | 9:09

అల్మరాలో వద్దు తమ్ముడూ. ఈ వైన్లని 14 డిగ్రీల లోపు ఉంచమంటారు. గంధకం లేదు కాబట్టి వేడికి లోపలి ఈస్ట్, బ్యాక్టీరియా మళ్ళీ లేచే ప్రమాదం ఉంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో పెట్టి త్వరలో తాగేయండి. సోన్ గారి సీసా ఇన్నేళ్ళు నిలబడిందంటే ఆ నేలమాళిగ చలవే.

సోన్_ఒడ్డున | రాత్రి 11:40

భోజనాలు అయ్యాయి. కారం తగ్గించి, మిరియాలతో కోడి వేపుడు చేశాను.

తొమ్మిదిన్నరకి జగ్గులోది పూర్తిగా విచ్చుకుంది. ఎండు గులాబీ రేకులు, వానకి తడిసిన ఆకులు, కొంచెం పుట్టగొడుగు. వగరు నాలుకని పట్టుకోవడం మానేసి చిగుళ్ళ దగ్గర మెత్తగా ఆగింది. పులుపు మాత్రం ఇంకా నిటారుగా ఉంది, అదే దీన్ని ఇన్నాళ్ళు నిలబెట్టిందనుకుంటా. మావారు ఒక గుక్క తాగి, చాలాసేపు ఏమీ అనకుండా కూర్చుని, "ఇది 2013లో తాగినదేనా?" అన్నారు.

పదిన్నరకి జగ్గులోది దిగిపోవడం మొదలైంది. పండు వెళ్ళిపోయి తేనీరులా మిగిలింది. సరిగ్గా అప్పుడే సీసాలో సగం తెరుచుకుంది. బిరడా గారూ, సగం సగం చేయమని మీరు చెప్పకపోతే ఆ రెండో గంట మాకు దక్కేది కాదు.

బిరడా | 11:52

చాలా సంతోషం. అక్కడివాళ్ళకి దీనికో క్రియాపదమే ఉంది. గమే ఇలా పాతబడి, చెర్రీ, తడి మట్టి పరిమళం తెచ్చుకుంటే వైన్ "మోర్గొన్" అయిందంటారు, ఊరి పేరుతోనే. మీది అయింది. ఏమైనా మిగిలిందా?

సోన్_ఒడ్డున | మర్నాడు ఉదయం 8:15

ఒక అర గ్లాసు. బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున్నే వాసన మాత్రం చూశాను: రేగుపళ్ళు ఇంకా ఉన్నాయి.