అప్‌డేట్: మా ఊరి కుంట ఎక్కడుండేదో దొరికింది

పాత ప్రశ్న చూడనివాళ్ల కోసం: నల్గొండ జిల్లాలోని మా ఊళ్లో బతుకమ్మలు వేసే కుంట ఒకటి ఉండేదని పెద్దవాళ్లు అంటారు, ఇప్పుడు ఆనవాలు లేదు, ఆ చోటు తెలుసుకోవడం ఎలా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు చూడమన్న మాట. 1954-55 నాటి ఆ రికార్డు నకలు తహసీల్దార్ ఆఫీసులో తీసుకున్నాం. ఒక సర్వే నంబరుకు ఎదురుగా ‘శిఖం’ (అంటే చెరువు, కుంటల్లో నీళ్లు నిలిచే భూమి) అని స్పష్టంగా ఉంది. అదే నంబరు గ్రామ నక్షాలో వెతికితే బడి వెనక ప్లాట్ల దగ్గర తేలింది. రిటైరైన సర్వేయర్ ఒకాయన నక్షాతో మా వెంట నడిచారు. మేం రోజూ బండి మీద తిరిగే ఎత్తు రోడ్డే పాత కట్టట! నేనైతే నమ్మలేదు. పక్కనున్న తుమ్మకంప కొట్టిస్తే తూము బయటపడింది: రెండు నిలువు రాళ్లు, మధ్యలో అడ్డరాయి, దానికి కర్ర దిగే గుండ్రటి బెజ్జం. రోడ్డు వేసినప్పుడు పైనుంచి వచ్చే కాలువ తెగి కుంట ఎండిందని, తర్వాత మట్టి పోసి చదును చేశారని ఆయన అంచనా.

గూగుల్ ఎర్త్ పాత ఫొటోలు మాకు అక్కరకు రాలేదు, అప్పటికే కుంట పూడిపోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ జాబితాలోనూ లేదు. ఉన్న చెరువుల పూడిక తీసే పథకం కదా, పూర్తిగా పోయినవాటి కోసం అందులో వెతకడం టైమ్ వేస్ట్.

ఆంధ్ర వైపు వాళ్లు ఖాస్రాకు బదులు ఆర్‌ఎస్‌ఆర్‌లో (అక్కడి పాత భూముల సర్వే రిజిస్టర్) ‘కుంట పోరంబోకు’ కోసం చూడండి.