వనువాటు: ఒక్క దేశానికి ఇద్దరు దొరలు ఎట్ల?

ప్రశ్న (దేవరకొండ):
తొమ్మిదో తరగతికి పసిఫిక్ సముద్రంల ఉన్న దీవుల దేశం వనువాటు మీద పాఠం తయారు చేస్తున్న. ఆ దీవులల్ల గన్ని అగ్నిపర్వతాలు ఎందుకు? 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలినయంటరు, మరి పని ఎట్ల నడిచింది? బోర్డు మీద పటం సుత గీయాలె.

జవాబు (మిర్యాలగూడ):
సార్, పటం ఇంగ్లీషు 'వై' అక్షరం లెక్క గీయుండ్రి, 13 నుంచి 21 డిగ్రీల దక్షిణ అక్షాంశాల నడుమ. ఎడమ కొమ్మ ఎస్పిరిటు శాంటో, మలకుల. కుడి కొమ్మ మేవో, పెంటెకోస్ట్. కింద కాడకు ఎఫాటే, ఎరొమాంగో, టన్నా. రాజధాని పోర్ట్ విలా ఎఫాటే మీద ఉంటది. 80కి పైన దీవులు కలిపినా 12,190 చ.కి.మీ.; ఉమ్మడి నల్గొండ జిల్లానే అంతకంటె పెద్దది.

కొమ్మల నడుమ అంబే, అంబ్రిమ్ పెట్టుడు మరవొద్దు, రగిలే కొండలు అవి. దీవులకు పడమట సముద్రంల లోతైన కందకం ఉన్నది. ఇండో-ఆస్ట్రేలియా పలక (భూమి గట్టి పైపొరల ఒక పెద్ద ముక్క) అక్కడ్నే తూర్పు దిక్కు దీవుల కిందికి దిగుతది. పలకలు రాసుకున్న వేడికి రాయి కరుగుతదని చాలామంది చెప్తరు, తప్పు. దిగే పలకల నీళ్లుంటయి. సుమారు 100 కి.మీ. లోతుల ఆ నీళ్లు పైనున్న మాంటిల్‌కు (భూమి పైపొర కిందుండే వేడి రాతి పొరకు) ఎక్కినంక, రాయి తక్కువ వేడికే కరుగుతది. మన గుట్టల గ్రానైటు సుత ఒకప్పుడు మాగ్మానే (కరిగిన రాయే), లోపలనే చల్లారి దగ్గర దగ్గర 250 కోట్ల ఏండ్లయింది. 2017ల అంబే రగిలితే 11 వేల మందిని, దీవి మొత్తం ఖాళీ చేయించిన్రు.

జవాబు (వనపర్తి):
"కలిసి ఏలిన్రు" అంటే పిల్లలు తికమకపడ్తరు. ఎవని సర్కారు వానిదే: రెండు పోలీసులు, రెండు జైళ్లు, రెండు తీర్ల బడులు, రెండు తీర్ల పైసలు. మూడో దేశపోడు వస్తే ఏ చట్టం కిందుంటడో ఎంచుకోవాలె. భూమి తగాదాలకు జాయింట్ కోర్టు పెట్టిన్రు. అండ్ల ఒక బ్రిటిష్ జడ్జి, ఒక ఫ్రెంచి జడ్జి, ఎవరి పక్కా కాకుండ స్పెయిన్ రాజు నియమించిన అధ్యక్షుడు.

మరి అక్కడ పుట్టినోళ్లు? వాళ్లకు ఆ రెండు దేశాల పౌరసత్వంల ఏదీ లేదు. సొంత దీవులల్లనే ఏ దేశమూ లేనోళ్లు. ఈ అన్యాయం చెప్పకుంట కోర్టు సంగతి ఒక్కటే చెప్తే పాఠం సగమే.

జవాబు (నారాయణపేట):
దానికంటె ముందటి ముచ్చట గూడ చేర్చుండ్రి. 1863 నుంచి ఆస్ట్రేలియాల ఉన్న క్వీన్స్‌లాండ్ తోటలకు ఈ దీవులకెల్లి, సాలమన్ దీవులకెల్లి కూలీలను ఓడలల్ల తీస్కపోయిన్రు. కొందర్ని మోసంతోని, కొందర్ని బలవంతంగ, కొందర్ని మూడేండ్ల ఒప్పందం మీద. పాలమూరు పిల్లలకు గుంపు మేస్త్రీ, అడ్వాన్సు అంటే తెలుసు కాబట్టి ఒప్పందం సంగతి జల్ది అర్థమైతది. ఎత్తుకపోవుడు వేరని మాత్రం విడమరిచి చెప్పాలె. ఆ ఓడలల్ల, తోటలల్ల పెరిగిన భాషనే ఇప్పుడు వనువాటుల అందరు మాట్లాడే బిస్లామా.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆ భూమి తగాదాలు ఏమైనయి?

జవాబు (వనపర్తి):
1980 జులై 30న స్వతంత్రం వచ్చింది. భూమంతా అక్కడి మూలవాసులది, వాళ్ల వారసులది అని రాజ్యాంగంలనే రాసుకున్నరు.