నాన్న ఎంఆర్‌ఐలో అట్రోఫీ అని రాశారు, పెట్ స్కాన్ కూడా తీయించాలా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం
అందరికీ నమస్కారం. నాన్నకి 71 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు, చెప్పిందే మళ్లీ చెప్తున్నారు. పోయిన నెల ఏడు రోడ్ల జంక్షన్‌లో ఇంటికి ఏ రోడ్డో తెలియక నిలబడిపోతే తెలిసినాయన బండి మీద దింపి వెళ్లారు, నలభై ఏళ్లు నడిచిన దారి అది. ఎంఆర్‌ఐ తీయిస్తే "వయసు రీత్యా సెరిబ్రల్ అట్రోఫీ" (మెదడు కుంచించుకుపోవడం) అని ఒక్క లైను రాసి ఇచ్చారు. వయసు వల్లే అయితే ఆ రోజు అలా ఎందుకు జరిగింది? మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీన్‌ని చూపించే అమైలాయిడ్ పెట్ స్కాన్ తీయిస్తే అల్జీమర్స్ అవునో కాదో తేలిపోతుందని మా బావ అంటున్నాడు. అప్పు చేసైనా వెళ్దామనుకుంటున్నాం.

ఫిల్మ్ రూమ్, విజయనగరం
రేడియాలజీలో పీజీ చేస్తున్నానండి. అప్పు మాట ఇప్పుడే వద్దు, ముందు ఆ ఎంఆర్‌ఐనే సరిగ్గా చదివించండి. కొత్త జ్ఞాపకాలకి ఆధారమైన హిప్పోకాంపస్ అల్జీమర్స్‌లో తొందరగా కుంచించుకుపోతుంది, అది ఎంత తగ్గిందో కంటితో చూసి 0 నుంచి 4 దాకా ఎంటీఏ స్కోరు వేస్తారు, 1992 నుంచి ఉన్న పద్ధతే, కొత్త మెషిన్ ఏమీ అక్కర్లేదు. కానీ స్కాన్‌కి పంపిన చీటీలో మతిమరుపు అని లేకపోతే చదివేవాళ్లు అంత పట్టి చూడకపోవచ్చు. మీ చీటీలో ఏముంది?

అమైలాయిడ్ పెట్ మంచి స్కానే, పరిశోధనలో దాని వల్ల ఎంతో తెలిసింది. అయితే జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న పెద్దవాళ్లలోనూ కొందరి మెదడులో అమైలాయిడ్ పేరుకుని ఉంటుంది, కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన మతిమరుపుకి అదే కారణమని చెప్పలేం. నెగెటివ్ వస్తే మాత్రం అల్జీమర్స్ కాకపోవచ్చని గట్టిగా అనుకోవచ్చు. అమైలాయిడ్‌ని తగ్గించే లెకనెమాబ్ లాంటి అల్జీమర్స్ మందు మొదలుపెట్టాలంటే అమైలాయిడ్ ఉందన్న రుజువు కావాలి, అప్పుడు దాని అవసరం వస్తుంది. వందల మంది స్కాన్లు కలిపి చూస్తే కనిపించే తేడా ఒక్క మనిషి ఫిల్మ్‌లో అంత తేటగా కనిపించదండి, నాకు రోజూ ఎదురయ్యే కష్టం ఇదే.

బొబ్బిలి కోడలు
మా అత్తగారి రిపోర్టులోనూ అట్రోఫీ అనే రాశారు. ఆవిడకి మతిమరుపుతో పాటు పాదాలు నేలకి అంటుకుపోయినట్టు నడక, బాత్రూమ్‌కి వెళ్లేలోపే అయిపోయేది. రెండో డాక్టరుగారు ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి మధ్యలో రెక్కల్లా ఉన్న నల్లటి ఖాళీల చుట్టూ వేలితో గీసి చూపించారు, ఇవి ఉండాల్సినదానికన్నా బాగా ఉబ్బాయమ్మా అని. ఎన్‌పీహెచ్ అట, మెదడులో నీరు చేరడం. నడుము దగ్గర కొంచెం నీరు తీసి, ముందూ తర్వాతా వరండాలో నడిపించి తేడా చూశాకే షంట్ (ఆ నీటిని మళ్లించే సన్నటి గొట్టం) వేశారు. మరుపు పూర్తిగా పోలేదు కానీ ఇప్పుడు తులసికోట దాకా తనే వెళ్లి నీళ్లు పోస్తారు. మీ నాన్నగారి నడక ఎలా ఉంది? బీ12, థైరాయిడ్ చూపించారా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం
నడక బాగానే ఉంది అక్కా. రక్తపరీక్షలు చేయించలేదు, రేపే చేయిస్తాను. చీటీ ఇప్పుడే తీసి చూశాను, అందులో "తల తిరుగుడు" అని మాత్రమే ఉంది, మతిమరుపు మాటే లేదు. అడిగినప్పుడు నాన్నే అలా చెప్పారట.

ఫిల్మ్ రూమ్, విజయనగరం
అయితే సీడీ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. ఏడు రోడ్ల దగ్గర జరిగింది తేదీతో సహా రాసుకెళ్లండి, అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.