ప్రకాశం పంతులు గారు లాయర్‌గా అంత సంపాదించి అసెంబ్లీకి ఎందుకొచ్చారు?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను. సైమన్ కమిషన్ నిరసనలో పోలీసు తుపాకీకి గుండె చూపించడం, అందరూ చెప్పేది ఇంతే. వకీలు జీవితం, శాసనసభలో చేసిన పని గురించి ఎవరైనా చెప్తారా?

జవాబు: రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదించారండీ, కానీ ఆ హోదాతో హైకోర్టులో వాదించడానికి లేదు, అందుకే లండన్ వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1921లో అదీ వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి ఆస్తంతా దానికే పోశారు.

జవాబు: పరీక్షకైతే 1937 వదలొద్దు. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి, జమీందారీ విచారణ కమిటీకి అధ్యక్షుడు. భూమికి అసలు హక్కుదారు రైతే, జమీందారు కాదు అని నివేదిక రాశారు. నా లెక్కలో గుండె చూపించిన కథకంటే ఇదే పెద్దది, లాయర్ బుర్ర పనిచేసింది ఇక్కడే.

జవాబు: 1946లో మద్రాసు ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలానే అనేవారు), ఏడాదిలోపే సొంత పార్టీవాళ్లే దించేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి, మరుసటి ఏడాది మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. మొండి మనిషి, సర్దుకుపోవడం రాదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, జమీందారీ కమిటీ సంగతి మా మెటీరియల్‌లో ఒక్క లైనే ఉంది.