పెళ్లికి ముందు ఆస్తి ఒప్పందం రాసుకుంటే చెల్లుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాఘమాసంలో నా పెళ్లి. హైదరాబాద్‌లో నా పేరిట ఒక ఫ్లాటు ఉంది, గృహరుణం ఇంకా తీరలేదు. నాన్నగారు తెనాలి దగ్గర ఎకరం పొలం పసుపు కుంకుమ కింద ఇస్తానంటున్నారు. అబ్బాయిది వ్యాపారం. అప్పులున్నాయని తనే దాచకుండా చెప్పాడు. ‘ఎవరి ఆస్తి వారిదే, ఎవరి అప్పు వారిదే, విడిపోతే భరణం అడగను’ అని స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయిద్దామని ఇద్దరం అనుకున్నాం. ఇది చెల్లుతుందా? పెద్దలకు ఇంకా చెప్పలేదు.

సమాధానం (న్యాయవాది):
అమ్మా, మీరు రాయదలచుకున్న వాటిలో మొదటి మాట చట్టంలో ఉన్నదే. హిందూ వివాహం వల్ల భార్య ఆస్తిలో భర్తకు గాని, భర్త ఆస్తిలో భార్యకు గాని వాటా పుట్టదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం మీ ఆస్తికి మీరే సంపూర్ణ హక్కుదారు. గోవా సంగతి వేరు. అక్కడ 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ నడుస్తోంది కాబట్టి, పెళ్లికి ముందే వేరుగా రాసుకోకపోతే ఆలుమగల ఆస్తి ఉమ్మడి అవుతుంది. మనకు ఆ చిక్కు లేదు.

భరణం మాట మాత్రం నిలవదు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 ఒప్పందాల చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. భార్యను పుట్టింటి నుంచి ఎన్నడూ తీసుకుపోనని పెళ్లికి ముందు వరుడు ఇచ్చిన మాటను కలకత్తా హైకోర్టు 1901లోనే కొట్టేసింది. ఒకసారి రాజీపడి కొంత సొమ్ము తీసుకుని ఇక అడగనన్న భార్య కూడా తరువాత మనోవర్తి (భరణం) దావా వేయవచ్చని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. నోటరీ ముద్ర పడినంత మాత్రాన చెల్లని షరతు చెల్లుబాటు కాదు.

అయినా కాగితం రాసుకోవద్దని అనను. పెళ్లినాటికి ఎవరికి ఏ ఆస్తి ఉంది, ఏ అప్పు ఉంది అన్న పట్టిక రాసి ఇద్దరూ సంతకం చేయండి. రేపు తగాదా వస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది. అందులో భరణం ఊసు, విడిపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న ఊసు ఎత్తకండి. కట్నం మాట అసలే వద్దు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద పుచ్చుకున్నవారితో పాటు ఇచ్చినవారూ నేరస్థులే. ‘అడిగిన ప్రకారం మా నాన్న ఇంత ఇచ్చారు’ అని రాస్తే ఆయన మీద మీరే సాక్ష్యం తయారుచేసినట్లు అవుతుంది.

పెళ్లిలో వచ్చే కానుకల జాబితా మాత్రం తప్పకుండా రాయండి. వధువు కానుకలకు ఒకటి, వరుడి కానుకలకు ఒకటి ఉండాలని, వాటి మీద ఇద్దరి సంతకాలూ ఉండాలని ఆ చట్టం కింద చేసిన 1985 నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లి ఫోటోలకు అన్ని లక్షలు పోసేవారు ఈ కాగితానికి పది నిమిషాలు కేటాయించరు! నగల బిల్లులు దానికి జతచేసి దాచండి. స్త్రీధనం అత్తవారి బీరువాలో ఉన్నంత మాత్రాన వారిది అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. కానీ ఏమేమి పెట్టారో చూపించాల్సింది మీరే.

పొలం సంగతికి వద్దాం. ‘పసుపు కుంకుమ కింద ఇచ్చాం’ అన్న నోటిమాట అన్నదమ్ముల పిల్లల నాటికి కోర్టుకెక్కుతుంది. నాన్నగారి చేత మీ పేరిట సెటిల్‌మెంట్ దస్తావేజు (ఇంట్లోవారికి సొమ్ము పుచ్చుకోకుండా ఆస్తి రాసిచ్చే పత్రం) రాయించి, ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ చేయించండి. అది పిత్రార్జితమైతే మీ సోదరుల సంతకాలు కూడా ఉండడం మేలు. తరువాత పట్టాదారు పాసుపుస్తకంలో, 1-బి అనే రెవెన్యూ భూమి రికార్డులో పేరు మార్పించుకోండి. చాలామంది ఇది చేయకుండా రిజిస్ట్రేషన్‌తోనే ఆగిపోతారు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. పెళ్లయ్యాక ఫ్లాటు వాయిదాలు సగం ఆయన కడతానంటున్నారు. అప్పుడెలా?

సమాధానం:
మీ వాయిదాలు మీ జీతం ఖాతా నుంచే పోనివ్వండి, ఆయన ఇంటి ఖర్చు చూసుకోవచ్చు. అదే తేలిక. ఆయనే కట్టాలనుకుంటే అది బహుమతా, అప్పా అన్నది రెండు వాక్యాల్లో రాసుకోండి. ఆయన మీకు ఆస్తి రాసిచ్చినా, మీరు ఆయనకు రాసిచ్చినా ఇంకో మెలిక ఉంది. ప్రతిఫలం లేకుండా ఇచ్చిన ఆస్తి మీద వచ్చే అద్దెను ఆదాయపు పన్ను వారు ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. పైగా రిజిస్టరైన బహుమతిని కోపం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదు.

మరొక సభ్యురాలు:
నాదీ ఒక సందేహం. పెళ్లికి ముందే పుట్టింటి ఆస్తిలో నాకేమీ వద్దని రాసివ్వమని మా అన్నయ్య అడుగుతున్నాడు.

సమాధానం:
తొందరపడి సంతకం చేయకండి. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు 1986 సవరణతో వచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. ఆ హక్కును రిజిస్టర్డ్ దస్తావేజుతో వదులుకోవచ్చు, వదులుకుంటే పోయినట్లే. నాన్నగారి స్వార్జితం మీద ఆయన బతికుండగా మీకున్నది ఆశ మాత్రమే. ఆశను రాసివ్వడం సాధారణంగా చెల్లదు. అయితే అందుకు బదులుగా సొమ్ము తీసుకుంటే మాత్రం రేపు మళ్లీ వాటా అడిగినప్పుడు కోర్టు ఆ సంగతి చూస్తుంది.

టెక్సస్ నుంచి ఒక సభ్యుడు:
ఇక్కడ పరిస్థితి తలకిందులు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో పెళ్లయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరిదీ. అందుకే పెళ్లికి ముందు ఒప్పందాలు మామూలే. కాలిఫోర్నియాలో తుది ప్రతి చేతికిచ్చాక సంతకానికి కనీసం 7 రోజుల గడువు ఉండాలి. టెక్సస్‌లో పెళ్లయ్యాక కూడా ఉమ్మడి ఆస్తిని పంచుకుంటూ రాసుకోవచ్చు. రెండుచోట్లా పిల్లల పోషణ ఖర్చును మాత్రం తగ్గించుకోలేరు.

న్యాయవాది:
మంచి వివరం. అయితే అక్కడి కాగితం చూపించి తెనాలి పొలం మీద హక్కు మార్పించలేరు. ఇక్కడి భూమికి ఇక్కడి దస్తావేజే కావాలి.

అడిగినవారు:
ఆయన వ్యాపార అప్పుల భయం మాత్రం పోలేదండీ. పెళ్లయితే బ్యాంకువారు నా ఫ్లాటు మీదకు వస్తారా?

సమాధానం:
భార్య అయినందుకు రారు. మీరు హామీదారుగా గాని, సహ రుణగ్రహీతగా గాని సంతకం చేస్తే వస్తారు. ఫ్లాటు తాకట్టు పెడితే చెప్పనే అక్కర్లేదు. పన్ను కలిసొస్తుందని భార్యను భాగస్వామిగా చేర్చడం మనవాళ్లకు అలవాటు. భాగస్వామ్య సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ సొంత ఆస్తితో సహా బాధ్యులే. మీ భద్రతంతా ఆ సంతకం పెట్టకపోవడంలోనే ఉంది.

ఇంకొకటి. మీరు వీలునామా రాయండి. పిల్లలు లేకుండా, వీలునామా లేకుండా హిందూ స్త్రీ చనిపోతే ఆమె స్వార్జితం భర్తకు, ఆయన లేకుంటే ఆయన వారసులకు పోతుంది. ఆమె తల్లిదండ్రులు ఆ తరువాతే వస్తారు. ఫ్లాటు కోసం నాన్నగారు డబ్బు సర్ది ఉంటే దీని గురించి మరీ ఆలోచించాలి.

ఇక అబ్బాయి మీకు నిజంగా రక్షణ ఇవ్వాలనుకుంటే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద జీవిత బీమా తీసుకోమనండి. ఆ సొమ్ము భార్యాపిల్లల కోసం ట్రస్టులో ఉన్నట్లే లెక్క. అప్పులవాళ్లను మోసగించడానికి కట్టినదని రుజువైతే తప్ప వాళ్ల చేతికి పోదు. పెళ్లయ్యాక పాలసీ తీసుకునేటప్పుడే దానికి సంబంధించిన ఫారం అడిగి నింపించండి. మామూలుగా తీసుకుని నామినీగా మీ పేరు రాసినంత మాత్రాన ఈ రక్షణ రాదు.