టార్గెట్ పార్టీకి ముగ్గురు రావడం లేదు, ఏం చెయ్యాల?

గుత్తిరోడ్డు:
సాయంత్రం నుంచి గ్రూపులో పోల్ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి తల పోతాంది. మాది అనంతపురంలో బ్రాంచి ఆఫీసు. నెల టార్గెట్ అయితే పార్టీ ఉంటాది. ముగ్గురు ఎప్పుడూ రారు. ఒకామెకు చంటిపాప, ఒకాయన అమ్మకు డయాలసిస్, ఇంకొకాయన నాయనకు పక్షవాతం. పోల్‌లో మాత్రం ముగ్గురూ 'ఓకే' కొడతారు. ఇప్పుడేమో 'మమ్మల్ని పక్కన పెడతాండారు' అని మేనేజర్ దగ్గర పంచాయితీ. పిలవకుండా ఏమన్నా చేసినామా? రోజు మార్చినా అంతే. దారి తెలిస్తే చెప్పండప్పా.

తుంగభద్ర:
ఎన్ని గంటలకు? యాడ? బిల్లు ఎవరిది?

హైవే_44:
మందు ఉంటాది కదా, చెప్పకపోయినా తెలుస్తాంది. తిరిగొచ్చేటప్పుడు బండి ఎవరు నడుపుతారు? 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద కేసు. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. 'రెండు బీర్లే కదా' అనే లెక్క పనికిరాదు. మనిషి బరువును బట్టి, కడుపులో ఏముందో దాన్ని బట్టి మారతాది. తాగనోడు ఒకడు డ్రైవర్‌గా ఉండాల్సిందే.

గుత్తిరోడ్డు:
నేనడిగింది అది కాదన్నా. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, బెంగళూరు హైవే మీద దాబాలో. బిల్లు తలా సమానం. శుక్రవారం కూడా పెట్టి చూసినాం, అదీ రాత్రే.

లెక్కలక్క:
మొదటి చిక్కు పోల్‌లోనే ఉంది. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేసినారో అందరికీ కనపడతాది. మేనేజర్ ముందే ఎనిమిదిన్నర మీద నొక్కింటే 'నాకు కుదరదు' అని ఎవరు నొక్కుతారు? గూగుల్ ఫారం పెట్టు, ఈమెయిల్ తీసుకునే ఆప్షన్ ఆపెయ్. 'వస్తారా' అని కాదు, 'ఏ రోజు, ఏ టైము మీకు కుదరదు' అని అడుగు.

డయాలసిస్ మామూలుగా వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎక్కువగా సోమ-బుధ-శుక్ర, లేదంటే మంగళ-గురు-శని. ఆమెది రెండోదైతే మీ శనివారం పోయింది, మొదటిదైతే శుక్రవారం పోయింది. అయినాక బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, ఆ రాత్రి ఒంటరిగా వదిలేదానికి లేదు. పక్షవాతంతో మంచం పట్టిన మనిషినైతే రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాల, లేకుంటే ఒంటికి పుండ్లు పడతాయి. పగలు ఆయాను పెట్టుకున్నా సాయంత్రం దాకానే. అందుకే మార్చాల్సింది రోజు కాదు, పొద్దు. పనిదినం నాలుగున్నరకు ఆఫీసులోనే ఉగ్గాని, బజ్జీ తెప్పించు. ఐదూముప్పావుకు అయిపోవాల. పది రోజుల ముందు చెప్పు.

కడప_కారం:
ఉగ్గానికి ఎవరొస్తారక్కా? టార్గెట్ కొట్టినోళ్ళకు కొంచెం సరదా వద్దా? అది సొంత పార్టీ, ఆఫీసు పని కాదు. ఇష్టముంటే వస్తారు.

లెక్కలక్క:
దాబాకు పోవద్దని నేననలేదు తమ్ముడూ. ఆఫీసు పేరుతో చేసేది పగలు చెయ్యండి, మీ సరదా రాత్రి పెట్టుకోండి. అక్కడ కూడా బిల్లులు రెండు వేయించండి. భోజనానికి జీఎస్టీ, మందుకు వ్యాట్, ఎట్లా అయినా లెక్క వేరే. తలా సమానం అంటే పప్పన్నం తిన్నోడు పక్కోడి విస్కీకి కట్టినట్లే.

తుంగభద్ర:
దాబాలో ఆఫీసు మాటలేమన్నా తేలుస్తారా?

గుత్తిరోడ్డు:
వచ్చే నెల ఎవరు ఏ ఊరి పక్క తిరగాలో ఆ రూట్లు పంచేది అక్కడే కదా, అది మామూలే. తాడిపత్రి, ధర్మవరం అయిపోతాయి. రానోళ్ళకు దూరంగా ఉండే మడకశిర మిగులుతాది.

తుంగభద్ర:
ఇది మొదటే చెప్పాల్సింది.

లెక్కలక్క:
ఓయబ్బా! పంచాయితీ పార్టీ గురించి కాదు సామీ, మడకశిర గురించి. చంటిపాప తల్లికి ఆ రూటిస్తే ఇల్లు చేరేదెప్పుడు? రూట్లు సోమవారం పదింటికి ఆఫీసులో, అందరి ముందు పంచాల. ఎవరికేది, ఎందుకనేది ఆ పూటే గ్రూపులో రాయాల. దూరం రూటు నెలనెలా మారాల. దాబాలో ఇచ్చిన మాట లెక్కలోకి రాదని మేనేజర్ నోటితోనే చెప్పించు. ఇది కాకుండా ఎన్ని ఉగ్గానులు పెట్టినా వాళ్ళ కోపం పోదు.

కడప_కారం:
రూట్లు పంచేటట్లయితే అది ఆఫీసు పనే, ఒప్పుకుంటా. ఉగ్గాని సంగతి మాత్రం ఒప్పుకోను.

హైవే_44:
డ్రైవర్ ఎవరో ఇంకా ఎవరూ చెప్పలేదు.

గుత్తిరోడ్డు:
ఫారం పెట్టినా. రూట్ల మాట మేనేజర్‌కు చెప్పాల్సింది కూడా నేనేనా? చూస్తాలే. థ్యాంక్సక్కా.

కర్నూలు_సెకండ్‌షిఫ్ట్:
మాకు రెండు షిఫ్టులు. నాలుగున్నరకు పెడితే రెండో షిఫ్టు వాళ్ళు పని వదిలి రాలేరు. మాకెట్లా?

తుంగభద్ర:
వేరే పోస్టు పెట్టు.