నూతి నీరు, తెల్లవారుజాము పొగ: విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారి అనుభవాలు చెప్పండి

చీపురుపల్లి రైతు:
మా ఊరు చీపురుపల్లికి దగ్గర. మా తాతగారు తవ్వించిన నూతిని విడిచిపెట్టి నాలుగేళ్ల కిందట పెరట్లో బోరు వేయించాం. తోడినప్పుడు నీరు తేటగానే ఉంటుంది కానీ, రాత్రి బిందెలో ఉంచితే తెల్లారేసరికి అడుగున నల్లని మడ్డి దిగుతుంది. గిన్నెల అంచున కాటుక గీసినట్టు చార పడుతోంది, తెల్ల పంచెలు రెండు ఉతుకులకే గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. దీనికి తోడు, ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున గొంతులో గరగర పుట్టించే పొగ ఊరిమీద పరుచుకుంటుంది. తూర్పున కనిపించే ఒక కర్మాగారపు గొట్టమే రెండింటికీ కారణమని ఊరంతా నమ్ముతోంది. కారణం ఒకటేనా, వేర్వేరా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కెమిస్ట్రీ మాష్టారు, విజయనగరం:
బాబూ, మీరు చెప్పిన లక్షణాలు మాంగనీసువి. ఇనుము ఎక్కువైతే మడ్డి తుప్పురంగులో ఉంటుంది. మాంగనీసు అయితే నల్లగా ఉంటుంది. లోతున గాలి సోకని నీటిలో ఈ లోహాలు కరిగి కంటికి కనిపించకుండా ఉంటాయి, పైకి తోడి గాలి తగిలాక మెల్లగా గట్టిపడి అడుగుకు దిగుతాయి. మీ ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల రాళ్లలోనే మాంగనీసు ఉంది. అక్కడ దొరికే ఒక రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి కోదూరు అనే ఊరి పేరుమీదనే కోదురైట్ అని పేరు పెట్టారు, పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలోనే అక్కడ గనులు మొదలయ్యాయి. అంటే గొట్టం రాకముందు నుంచే ఆ లోహం మీ కాళ్లకింద ఉంది.

అలాగని కర్మాగారాన్ని పూర్తిగా విడిచిపెట్టమని నా ఉద్దేశం కాదు. ఖనిజం కరిగించాక మిగిలే చిట్టెం, అంటే స్లాగ్, ఆరుబయట పోసిన గుట్టల మీదుగా వాన నీరు పల్లానికి పారితే, దానితోపాటు లోహాలూ భూమిలోకి దిగవచ్చు. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. గుట్టకు మెరకన ఉన్న బోరు నీటినీ, పల్లాన ఉన్న బోరు నీటినీ, మీ పాత నూతి నీటినీ వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి. మెరకన కూడా నల్లబడితే తప్పు రాతిది. పల్లాన మాత్రమే ఎక్కువై, వానల తరువాత ఇంకా పెరిగితే అప్పుడు గుట్టను అడగవచ్చు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీరు దొరకనప్పుడు 0.3 వరకు ఒప్పుకుంటారు. సీసాపాలు తాగే పసిబిడ్డలను దృష్టిలో పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 0.08 అని సూచించింది. కాచితే ఇది పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. బజారులో అమ్మే టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్నే చూపిస్తుంది గానీ, అందులో మాంగనీసు ఎంతో చెప్పదు. ఆ మీటరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఫిల్టర్లు అమ్మేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పొగ విషయం వేరు. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపై గాలి వెచ్చగా ఉండి, బాణలి మీద మూత పెట్టినట్టు పొగను పైకి పోనివ్వదు. అప్పుడు గొట్టం పొగ ఒక్కటే కాదు, చెత్తకుప్పల పొగ, లారీల పొగ, పొయ్యిల పొగ కూడా అక్కడే నిలిచిపోతాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు దాటిన పట్టణాల జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు రెండూ ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు. ఊపిరితో లోపలికి పోయే సన్నని ధూళి (పీఎం 10) ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం.

నాగావళి ఒడ్డు:
మాష్టారు చెప్పింది చదివాక మా ఊరి చెరువు సంగతి రాయాలనిపించింది. కొన్నేళ్ల కిందట కార్తీకమాసంలో ఒకనాటి వేకువన మా చెరువులో చేపలన్నీ నోళ్లు తెరిచి నీటిపైకి తేలాయి. పొద్దెక్కేసరికి రోహులు, బొచ్చెలు తెల్లటి పొట్టలు తిప్పేశాయి. కొర్రమీనులు మాత్రం బతికాయి. ఎగువనున్న ఒక మిల్లు వారు మందు కలిపిన నీరు వదిలారని అందరం కోపంతో వెళ్లబోతుంటే, ఒక పెద్దాయన ఆపి, గట్టువైపు చూడమన్నారు. అక్కడ మట్టిపెళ్లలు బరువుపెట్టి ముంచిన గోగు కట్టలు ఉన్నాయి. అవి మావే.

గోగునార తీయడానికి కట్టలను రెండు మూడు వారాలు ఊరబెడతాం. ఆ కుళ్లే పనిలో సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా తాగేస్తాయి. రాత్రిపూట నాచు కూడా ప్రాణవాయువును తీసుకుంటుంది కనుక తెల్లవారుజామునకు నీటిలో ఏమీ మిగలదు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, రోహు పీల్చలేదు. మందు కలిసి ఉంటే కొర్రమీనులు కూడా చచ్చేవేమో అని ఆ పెద్దాయన అన్నారు. ఇప్పుడు గోగు వేసేవారే తగ్గిపోయారు. వేసినవారు బెరడు ఒలిచి, బెరడును మాత్రమే చిన్న బందలో (కుంటలో) ఊరబెడుతున్నారు. చెరువుకు ఆ మేరకు హాయి.

కాశీబుగ్గ:
మా అమ్మ ముప్పై ఏళ్లు జీడి పిక్కలు కొట్టింది. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆమె బొటనవేలు, చూపుడువేలు నల్లబడి, గోళ్ల చుట్టూ పొరలు లేచి ఉండేవి. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని పనికి కూర్చునేది. పిక్కలు కాల్చే రోజుల్లో పొగ కళ్లలో కారంలా పడేది. ఇప్పుడు చాలాచోట్ల ఆవిరితో ఉడికిస్తున్నారు, అది మేలే. అయితే నూనె మిగిలిన తొక్కలనే బాయిలర్లలో వంటచెరకుగా వాడినచోట ఆ ఘాటు మళ్లీ వస్తోంది. మా వీధిలో ఉతికిన బట్టలు ఏ వేళ ఆరవేయాలో గాలి వాటం చూసి నిర్ణయించుకుంటాం. పని పోతుందని ఫిర్యాదు ఎవరూ ఇవ్వరు. నేను కూడా ఇవ్వలేదు.

ఉద్దానం కొబ్బరితోట:
ఒక మనవి. ఇలాంటి చర్చ మొదలైతే ఎవరో ఒకరు ఉద్దానం మూత్రపిండాల జబ్బును ఉదాహరణగా తెస్తారు. మా కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంత మంది మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో ఎన్ని పరిశోధనలు జరిగినా ఇంకా తేలలేదు. నీరని, ఎండలో పనియని, పురుగుమందులని ఎవరికి తోచింది వారు చెప్పారు. హిరమండలం నుంచి వంశధార నీటిని తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి, సంతోషమే. కానీ కారణం తేలని జబ్బును ప్రతి గొట్టానికీ తగిలిస్తే, నిజంగా నిరూపించగలిగిన ఫిర్యాదు కూడా బలం కోల్పోతుంది. ఇది డయాలసిస్‌కు మనిషిని తీసుకెళ్లే ఇంటి నుంచి రాస్తున్న మాట.

చీపురుపల్లి రైతు:
అందరికీ నమస్కారం. మాష్టారు చెప్పినట్టే, బోరు నీటిని పది నిమిషాలు పారనిచ్చాక సీసాలు నింపి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇచ్చాం. మా బోరులోనూ, గుట్టకు మెరకనున్న మా బావమరిది బోరులోనూ మాంగనీసు 0.3 దాటింది. పాత నూతిలో అంత లేదు, కానీ అందులో మలం ద్వారా వచ్చే సూక్ష్మజీవులు కనిపించాయి. చూస్తే, మేం మరుగుదొడ్డి గుంత తవ్వించింది నూతికి మెరకన! గొట్టం మీద వేలు చూపించిన చేత్తోనే ఆ గుంతకు కొబ్బరికాయ కొట్టాను.

కెమిస్ట్రీ మాష్టారు, విజయనగరం:
ఆ గుంతను ముందు పల్లానికి మార్చండి. నూతిని పూడిక తీయించి, క్లోరిన్ వేసి, నెల తరువాత మళ్లీ పరీక్ష చేయించే వరకు తాగే నీటిని కాచుకోండి. సూక్ష్మజీవుల విషయంలో కాచడం పనిచేస్తుంది. బోరు నీటిని వాడుకకు ఉంచుకోండి.

చీపురుపల్లి రైతు:
అలాగే మాష్టారూ. కొత్త గిలక, తాడు తెచ్చాం. వానల తరువాతి పరీక్ష ఇంకా మిగిలి ఉంది. పొగ సంగతి మాత్రం తేలలేదు. మా అబ్బాయి రోజూ తెల్లవారుజామున లేచి తేదీ, సమయం, గాలి ఏ వైపు నుంచి వీస్తోంది, పొగ కనిపించిందా లేదా అని నోటు పుస్తకంలో రాస్తున్నాడు. ఇప్పటికి పదకొండు రోజులు రాశాడు. అందులో నాలుగు రోజులు గాలి తూర్పు నుంచి కాదు, పంచాయతీ చెత్త తగలబెట్టే వైపు నుంచి వీచింది. సంక్రాంతి దాటాక మొత్తం ఇక్కడ పెడతాను.